ముందు మావయ్యని గేదెల సంగతి అడుగు

ప్రశ్న: అమ్మా, నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. ఏడాదిన్నరగా శని, ఆదివారాల్లో డెలివరీ కార్మికుల సంఘానికి చేతనైన సాయం చేస్తున్నాను. ఎక్కువగా రాతకోతల పనే.

నా టెన్షన్ అంతా మా మేనమామ గురించి. ఆయనకు 77 ఏళ్లు. బ్యాంకు మేనేజరుగా చేసి 2008లో రిటైరయ్యారు. కూకట్‌పల్లిలో ఉంటారు. నాన్న పోయాక మమ్మల్ని చదివించింది ఆయనే. చాలా మంచి మనిషి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. కూతురు వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం తనే పెట్టారు. 2009 ఎన్నికల్లో లోక్‌సత్తా కోసం మెడలో ఆ పార్టీ గుర్తయిన ఈల వేసుకుని అపార్ట్‌మెంట్లన్నీ తిరిగారు. ఎండాకాలం డెలివరీకి వచ్చే కుర్రాళ్ల కోసం గేటు దగ్గర మంచినీళ్ల కుండ పెట్టిస్తారు. కానీ ఆ కుర్రాళ్లకు సంఘం ఎందుకంటారు. "ఎవరూ కట్టేసి చేయించట్లేదు కదే, గిట్టకపోతే మానేస్తారు" అంటారు. నేను సోషలిజం అని నోరెత్తితే చాలు, స్కూటర్ బుక్ చేసుకుని ఏళ్లకేళ్లు కూర్చున్న కథ, ఎమర్జెన్సీ కథ, రష్యా కథ వరసగా వచ్చేస్తాయి. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని అంబేడ్కర్ అన్న మాట నెలకోసారి పెడుతుంటారు.

పోయిన నెల ఆదివారం భోజనాల దగ్గర "మీలాంటి మంచివాళ్ల వల్లే ఏదీ మారట్లేదు మావయ్యా" అనేశాను. ఆయన పెరుగన్నం వదిలేసి లేచిపోయారు. అత్తయ్య ఫోన్ చేసి "ఆయనకి బీపీ, ఇంట్లోకి రాజకీయాలు తేకమ్మా" అంది. ఆయన్ని ఓడించాలని నాకు లేదు. మా వైపు వస్తే బాగుండునని ఉంది. ఎలా చెప్పాలి?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మాయీ, ముందు ఆ పెరుగన్నం సంగతి తేల్చుకో. ఫోన్లో వద్దు, వెళ్లి ఎదురుగా కూర్చుని "ఆ మాట తప్పు మావయ్యా" అను. నీ అభిప్రాయం తప్పని ఒప్పుకోనక్కర్లేదు. చదివించిన మనిషిని, అన్నం దగ్గర, మంచివాడివి కావడమే నీ నేరం అన్నావు. అది తప్పే. దానికి రాజకీయాల సాకు పెట్టకు.

ఇంత కచ్చితంగా చెబుతున్నానంటే, ఇంతకంటే పెద్ద తప్పు చేసినదాన్ని కాబట్టే.

మా నాన్న కమ్యూనిస్టు. నేను జీవిత బీమాలో అసిస్టెంటుగా చేరిన ఏడాదికి, 1977 వేసవిలో, తెనాలి ప్లీడరుగారి ఇంటికి కోడలిగా వెళ్లాను. మా మామగారు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి మనిషి. రాజాజీతో కలిసి రంగా గారు 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు అందులో చేరి, ఆ పార్టీ పోయాక కూడా అందులోనే ఉండిపోయిన మనిషి. మీ మావయ్య లాగే మర్యాదస్తుడు. కట్నం మాటెత్తలేదు. ఉద్యోగం మానొద్దని నాకు ముందే చెప్పారు. పెళ్లయిన వారానికి కాఫీ తాగుతూ ఆయన నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మీ నాన్నగారి పార్టీ ఎమర్జెన్సీని ఎలా సమర్థించిందమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఎమర్జెన్సీలో సీపీఎం వాళ్లు జైళ్లకు వెళ్లారు. మా నాన్న ఉన్న సీపీఐ మాత్రం ఇందిరా గాంధీని సమర్థించింది. అది తప్పని తర్వాత ఆ పార్టీయే ఒప్పుకుంది, కానీ ఆ పూటకి నాకు దిక్కు తోచలేదు. జవాబు లేనివాళ్లు చేసే పనే చేశాను. "మీది రాజుల పార్టీ, జమీందార్ల పార్టీ" అని గొంతు పెంచాను. ఆయన కప్పు కింద పెట్టి లోపలికి వెళ్లారు. తర్వాత నెలల తరబడి మా ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగానే నడిచాయి. "కాఫీ పెట్టమను", "గొడుగు తీసుకెళ్లమను". నేను పక్కనే నిలబడి ఉన్నా అంతే.

ఆ మౌనాన్ని నేను తెంచలేదు, సుప్రీంకోర్టు తెంచింది. నవ్వకు, నిజమే చెబుతున్నాను. బీమా ఉద్యోగులకు 1974 జనవరిలో ఒక ఒప్పందం కుదిరింది, మూడు, నాలుగు తరగతుల వాళ్లకి, అంటే గుమస్తాలకీ అటెండర్లకీ, జీతంలో 15 శాతం బోనస్ ఇవ్వాలని. ఎమర్జెన్సీ నడుస్తుండగా 1976లో పార్లమెంటు ఒక చట్టం చేసి ఆ బోనస్ మాట కొట్టేసింది. ఉద్యోగులు కోర్టుకెళ్లారు. 1978 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ చట్టం చెల్లదంది. ఎందుకు చెల్లదందో తెలుసా? రావలసిన బోనస్ కూడా ఆస్తే, పరిహారం ఇవ్వకుండా ఆస్తి లాక్కోవడానికి రాజ్యాంగంలోని 31వ అధికరణం ఒప్పుకోదు, అని.

మా మామగారు ఆ తీర్పు పేపర్లో చదివారు. ఆస్తి హక్కు కోసం పార్టీ పెట్టుకున్న మనిషి! సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే, అత్తగారితో పని లేకుండా నన్నే పిలిచారు. "ఆస్తంటే పొలమూ ఇల్లూ అనుకుంటూ వచ్చానమ్మా. గుమస్తా బోనస్ కూడా ఆస్తేనట. మరి మా పార్టీ ఈ పక్కకి ఎన్నడూ రాలేదేం?" మా నాన్న పార్టీ మోసిన ఎమర్జెన్సీ మా బోనస్ తినేసింది. మామగారి పార్టీ నెత్తిన పెట్టుకున్న ఆస్తి హక్కు దాన్ని తిరిగి ఇప్పించింది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. (మరుసటి ఏడాదే ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. దాని మీద మళ్లీ తగువు పడ్డాం. ఈసారి నేరుగా.)

తర్వాత ఆయన మా యూనియన్ అర్జీల ఇంగ్లీషు దిద్దడం మొదలుపెట్టారు. మా ఇంగ్లీషు ఆయన కళ్లకు గుచ్చుకునేది, అదీ మొదటి కారణం. వాక్యం దిద్దాలంటే విషయం అడగాలి, విషయం తెలిశాక ఊరుకోలేరు. "ఈ పాయింటు బలహీనంగా ఉంది, ఇలా అడగండి" దాకా వచ్చారు. 1994లో మల్హోత్రా కమిటీ బీమాలోకి ప్రైవేటు వాళ్లను రానివ్వమని నివేదిక ఇచ్చాక మేం ఊరూరా సంతకాలు సేకరించాం. అప్పటికి ఆయనకు దగ్గర దగ్గర 80. కాగితాలు చంకలో పెట్టుకుని తెనాలి కోర్టు ప్లీడర్లందరి దగ్గరికీ తిరిగారు. అలాగని కమ్యూనిస్టు అయిపోలేదు. "పోటీ రానీ, అమ్మకం మాత్రం వద్దు" అనేవారు. నేను పోటీ కూడా వద్దనేదాన్ని. ఆయన పోయేదాకా ఆ ఒక్క విషయం తెగలేదు.

ఇప్పుడు మీ మావయ్య దగ్గరికొద్దాం. నువ్వు ఆయన నమ్మకాల చుట్టూ తిరుగుతున్నావు. ఆయన చేసిన ఉద్యోగం గురించి ఒక్క ముక్క రాయలేదు. 77 ఏళ్లంటే 1970ల మొదట్లో బ్యాంకులో చేరి ఉంటారు. 1969 జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. అప్పటికి దేశం మొత్తంలో బ్యాంకు శాఖలు 8 వేల చిల్లర. 1990 నాటికి 60 వేలకు దగ్గరపడ్డాయి. ఆ పెరిగిన శాఖల్లో ఏదో ఒక పల్లెటూళ్లో, పెంకుటింట్లో, ఫ్యాను తిరగని గదిలో మీ మావయ్య కూర్చుని ఉంటారు. ఆయన్ని ఆ కథ అడుగు. వాదన కోసం అడగొద్దు, తెలుసుకోవడానికి అడుగు. ఆ ఊరికి బ్యాంకు ఎందుకొచ్చింది? అంతకుముందు అప్పు ఎవరిచ్చేవాడు, వడ్డీ ఎంత? బ్యాంకు లాభమే చూసుకుని ఉంటే ఆ ఊళ్లో శాఖ తెరిచేదా?

ఆయన గేదెల కథ తప్పకుండా చెబుతారు. ఆ రోజుల్లో పల్లెల్లో పనిచేసిన ప్రతి బ్యాంకు ఆఫీసరుకీ ఒక గేదెల కథ ఉంటుంది. ఐఆర్‌డీపీ అని పల్లెల్లో పేదల కోసం పెట్టిన ప్రభుత్వ పథకం కింద పాడి గేదెలకు లోన్లు ఇచ్చేవాళ్లు. గేదె చెవికి బీమా బిళ్ల కొట్టేవాళ్లు. గేదె చస్తే ఆ బిళ్ల చూపిస్తేనే క్లెయిము. బతికున్న గేదెకు చెవి కోసి బిళ్ల పట్టుకొచ్చినవాళ్లున్నారు. ఒకే గేదెను చెరువు గట్టున అటు తిప్పి ఇటు తిప్పి నలుగురి పేర్న చూపించినవాళ్లున్నారు. అసలు పుట్టనే పుట్టని కాగితం గేదెలున్నాయి. మీ మావయ్య ఇవన్నీ చెప్పి "చూశావా నీ సోషలిజం!" అంటారు. నవ్వు. నిజంగా నవ్వొచ్చే కథలే. మాది బీమా కాబట్టి రెండో వైపు కథలు నా దగ్గరా ఉన్నాయి. నవ్వయ్యాక మెల్లగా అడుగు: "నిజమైన గేదె దొరికిన వాళ్లెవరైనా ఉన్నారా మావయ్యా?" ఎవరో ఒకరు ఉంటారు. పాలు పోసి పిల్లను చదివించిన ఆవిడ ఉంటుంది, పేరుతో సహా గుర్తుంటుంది. ఆవిడ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారితే, నువ్వేమీ అనకు. ఆ రోజుకి మజ్జిగ తాగి ఇంటికి వచ్చెయ్.

2010లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే చిన్న చిన్న అప్పులతో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారు. వారం వారం వసూళ్లు. చివరికి ఆ కంపెనీలను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటికి ఆయన రిటైరై రెండేళ్లు. తను అప్పు పంచిన ఊళ్లలోనే ఇది జరుగుతుంటే ఏమనుకున్నారో ఇంకో రోజు అడుగు. ఆయన నీకు చెప్పే జవాబు, నువ్వు ఆయనకు చెప్పగలిగే దేనికన్నా బాగుంటుంది.

"గిట్టకపోతే మానేస్తారు" అన్న మాట గురించి. దానికి ఎదురు మాట వెతకొద్దు. మీ సంఘంలో యాప్‌లో ఐడీ బ్లాక్ అయి పని పోయిన కుర్రాడు ఒకడైనా ఉంటాడు కదా. అతన్ని వెంటబెట్టుకుని, ముందే చెప్పి, ఒక సాయంత్రం మావయ్య దగ్గరికి వెళ్లు. "అర్జీ రాయాలి, మాకు సరిగా రావట్లేదు" అను. అబద్ధం కూడా కాదు, నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది, నువ్వు కోపంలో ఎక్కువ రాస్తావు. బ్యాంకు మేనేజరు ముందు వరసగా అడిగేవి ఇవే: నోటీసు ఎప్పుడిచ్చారు? ఎవరి సంతకం? కారణం ఏం రాశారు? పైన ఎవరికి అప్పీలు చేసుకోవాలి? కుర్రాడు ఫోన్ తెరిచి ఆ రెండు లైన్ల మెసేజ్ చూపిస్తాడు. సంతకం లేదు, కారణం లేదు, మాట్లాడదామంటే మనిషి లేడు. ఎగవేతదారుడికి కూడా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపిన చేతులమ్మా ఆయనవి. నోటీసు లేకుండా ఒకడి అన్నం తీసేయడం ఆయనకు అరగదు. సోషలిజం అన్న మాట ఆ గదిలో రానేకూడదు. వస్తే ఆయనే తేవాలి.

లోక్‌సత్తా మనిషి అన్నావు కాబట్టి సమాచార హక్కు చట్టమంటే ప్రాణం పెడతారనుకుంటాను. ఆ చట్టం 2005లో వచ్చింది. దాని వేళ్లు రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీల దగ్గరున్నాయి. చేసిన పనికి కూలి సరిగా ఇవ్వకపోతే, మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చూపించమని అడిగారు వాళ్లు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని 1990లో పుట్టిన సంఘం అది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. మా డబ్బు, మా లెక్క, అన్నది వాళ్ల నినాదం. కూలీ డబ్బుల కోసం పెట్టుకున్న సంఘం మీ మావయ్యకు ఇష్టమైన చట్టానికి దారి వేసింది. ఇది చెప్పొచ్చు, ఒకసారి, కాఫీ టైములో. మళ్లీ మళ్లీ చెబితే పాఠం అయిపోతుంది.

అంబేడ్కర్ విషయంలో నీకు అదృష్టం బాగుంది. భక్తి గురించి ఆయన ఫార్వర్డ్ చేసే మాట 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ఉపన్యాసంలోది. అదే ఉపన్యాసంలో, కొంచెం ముందుకెళ్తే ఇంకో మాట ఉంది: 1950 జనవరి 26న మనం వైరుధ్యాల బతుకులోకి అడుగుపెడుతున్నాం, ఓటు దగ్గర సమానత్వం, బతుకు దగ్గర అసమానత, ఇది త్వరగా తొలగించకపోతే కట్టుకున్నది కూలిపోతుంది, అనే అర్థంలో. గ్రూపులో పెట్టకు. గ్రూపులో పెడితే మీ పిన్నికొడుకు బొటనవేలు బొమ్మ పెడతాడు, కథ కంచికి వెళ్తుంది. ఉపన్యాసం మొత్తం ప్రింటు తీసి ఆయనకే ఇచ్చి, "మీరు పెట్టే వాక్యం ఎక్కడుందా అని వెతికాను" అను. పూర్తిగా చదివే అలవాటున్న తరం వాళ్లది. ఆయన ఆసక్తి చూపిస్తే, 1947లో అంబేడ్కర్ రాజ్యాంగ సభకు రాసిన పత్రం సంగతి చెప్పు. కీలక పరిశ్రమలు, వ్యవసాయ భూమి ప్రభుత్వం చేతిలో ఉండాలని, బీమా పూర్తిగా ప్రభుత్వానిదే కావాలని, అదంతా నియంతృత్వం లేకుండా, పార్లమెంటు ఉండగానే జరగాలని అందులో ఉంది. బీమా గురించిన ఆ ముక్క మా యూనియన్ మీటింగుల్లో ఎన్నిసార్లు చదువుకుని మురిసిపోయామో లెక్కలేదు.

ఇక స్కూటరూ, ఎమర్జెన్సీ, రష్యా. ఈ మూడింటి దగ్గరా తల వంచు. మేం 1978లో బుక్ చేసిన స్కూటర్ ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి స్కూలుకెళ్తున్నాడు. మొదటి రోజే దాని మీద బడికి దిగాడు. స్టాలిన్ జైళ్లను మా నాన్న చివరిదాకా నమ్మలేదు, నాకు అదొక సిగ్గు. నా వయసు వచ్చాక అర్థమైందేమిటంటే, ఈ మూడు కథలూ చెప్పేటప్పుడు మీ మావయ్య సమానత్వాన్ని తిట్టట్లేదు, అడిగే దిక్కు లేని అధికారాన్ని తిడుతున్నారు. ఆ తిట్టు మన వాళ్లకి అవసరం. మీ సంఘంలో పదాధికారుల ఎన్నిక రహస్య బ్యాలెట్టుతో జరుగుతుందా? చందాల లెక్క సభ్యులకు ఎప్పుడు చూపించారు? లేదంటావా, ఆ రిజిస్టరు పట్టుకెళ్లి మావయ్య ముందు పెట్టు, ఆడిట్ చేయమను. తిడతారు. ఓచరు లేని ప్రతి టీ ఖర్చు కింద ఎర్ర సిరాతో గీత పెడతారు. పెట్టనీ.

ఆయన పూర్తిగా మీ వైపు వస్తారని మాత్రం ఆశ పెట్టుకోకు. మా మామగారు రాలేదు. వచ్చిన మేరకు చాలా పనికొచ్చారు. అన్నట్టు, అత్తయ్యని మర్చిపోకు. బీపీ మాట అన్నది ఆవిడ. నీళ్ల కుండ పెట్టిస్తారు అన్నావు, రోజూ అందులో నీళ్లు ఎవరు పోస్తున్నారో గమనించావా? రాజకీయాలు వద్దన్నావిడ అభిప్రాయం కూడా ఒకసారి అడిగి చూడు. మీ ఇంట్లో అందరికంటే ముందు మారేది ఆవిడేనేమో.

ప్రశ్న: అమ్మా, నేను రాజమండ్రిలో ఉంటాను, లెక్చరరుగా చేసి రిటైరయ్యాను, 72 ఏళ్లు. నాదో వింత కష్టం. నేను ఉదారవాదిని, ఎవరి జోలికీ వెళ్లను. మా అన్నయ్య మనవడు నన్ను సోషలిస్టును చేయాలని కంకణం కట్టుకున్నాడు. ప్రతి శనివారం రాత్రి ఫోన్. "తాతయ్యా, మీకు పెన్షనుంది, మాకు లేదు" దగ్గర మొదలుపెడతాడు. వాడంటే ఇష్టమే. ఫోన్ ఎత్తకుండా ఉంటే తప్పా?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పే మాస్టారూ. శనివారం రాత్రి ఇంకెవరికో చేసుకోవాల్సిన ఫోను వాడు మీకు చేస్తున్నాడు.

పెన్షను సంగతి వాడన్నదాంట్లో ఏ ఇజమూ లేదు, లెక్క ఉంది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకే మీ పాత పెన్షను లేకుండా పోయింది. ప్రైవేటులో ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది. మీరు దాన్ని మీ మీద నిందగా తీసుకుంటున్నారు. వాడు మీ పెన్షను తీసేయమనడం లేదు, తనకూ కావాలంటున్నాడు. ఆ రెండింటి మధ్య తేడా లెక్చరరుగారికి నేను చెప్పక్కర్లేదు.

వచ్చే శనివారం వాడు మొదలుపెట్టేలోపే మీరే అడగండి. "జీతం స్లిప్పు తీయరా, పై నుంచి కింద దాకా చదువు" అనండి. మధ్యలో ఆపకుండా వినండి. స్లిప్పే లేదంటే, అక్కడి నుంచి మాట్లాడుకోండి.